ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుంటున్నారా? ముందు సాక్ష్యం రెడీ చేసుకోండి

కొత్త ఇల్లు, ఉద్యోగం, ఆపరేషన్ మంచిగా అయిపోవడం, పిల్లలకి వీసా రావడం... ఏ మేలు జరిగినా మనవాళ్ళు ముందు పాస్టర్ గారికి ఫోన్ చేసి డేట్ అడుగుతారు, ఆ వెంటనే వంటవాళ్ళకి చెప్తారు, షామియానా కుర్చీలు మైక్ సెట్ అన్నీ కుదిరిపోతాయి, కానీ దేవుడు ఏం చేశాడో చెప్పాల్సిన ఆ ఐదు నిమిషాల సాక్ష్యానికి మాత్రం ఎవరూ రెడీ అవ్వరు. మైక్ చేతికిస్తే "దేవుడు చాలా మేలులు చేశాడండి, ఆయనకే మహిమ" అని కూర్చుంటారు. ఏ మేలులో విందామనే కదా అందరూ వచ్చింది!

అందుకే కూడికకి కొన్ని రోజుల ముందే, రాత్రి కుటుంబ ప్రార్థనలో బైబిల్లోని 103వ కీర్తన చదవండి. "ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము" అన్నాక దావీదు అక్కడితో ఆపడు, దోషాలు క్షమించాడు, సంకటాలు కుదిర్చాడు, సమాధిలోనుండి ప్రాణాన్ని విమోచించాడు అని ఒక్కొక్కటి చెప్పుకుంటూ పోతాడు. మీరూ ఒక నోట్‌బుక్ తీసి అలాగే రాయండి. హాస్పిటల్ సంగతైతే ఏ రోజు అడ్మిట్ చేశారు, డాక్టర్ ఏమన్నారు, అర్ధరాత్రి ఓ నెగటివ్ బ్లడ్ కావాలంటే ఎవరు పరిగెత్తుకొచ్చారు, ఐసీయూ బయట కూర్చుని ఏ వాక్యం పట్టుకుని ప్రార్థన చేశారు, ఇవన్నీ. పిల్లల్ని కూడా అడగండి, ఆ రోజుల్లో పక్కింటి ఆంటీ స్కూల్‌కి క్యారేజీ కట్టిచ్చిన సంగతి వాళ్ళకే గుర్తుంటుంది, మనం ఆ గొడవలో పట్టించుకుని ఉండం.

ఆ ఆంటీ పేరు, బ్లడ్ ఇచ్చిన అబ్బాయి పేరు సాక్ష్యంలో చెప్పండి, వాళ్ళు ఏ మతం వాళ్ళైనా సరే. మనుషుల పేర్లెత్తితే దేవుని మహిమ తగ్గిపోతుందని కొంతమంది అనుకుంటారు, నేను ఒప్పుకోను. మెదక్ చర్చి కడుతున్నప్పుడు కరువొస్తే ఆ పనే ఎన్నో ఇళ్ళకి అన్నం పెట్టింది, 1924 డిసెంబరు 25న చర్చి ప్రతిష్ఠ జరిగింది, అక్కడివాళ్ళు దేవుడు పోషించాడని చెప్తూనే ఆ చర్చి కట్టించిన మిషనరీ పోస్నెట్ దొరని కూడా తలుచుకుంటారు. దేవుడు పెట్టే అన్నం ఎవరో ఒకరి చేతిమీదుగానే కదా వచ్చేది.

ఒక్క మాట మాత్రం అనొద్దు, చాలా జాగ్రత్త. "పక్క బెడ్ ఆయన పోయాడు, మమ్మల్ని మాత్రం దేవుడు కాపాడాడు" అనే మాట. ఆ కుర్చీల్లోనే అలాగే ప్రార్థన చేసి, ఉపవాసముండి, అయినా భర్తని పోగొట్టుకున్న అక్క కూర్చుని ఉండొచ్చు. అలాంటివాళ్ళు వస్తున్నారని తెలిస్తే పాస్టర్ గారికి ముందే చెప్పి హబక్కూకు ప్రవక్త గ్రంథం 3వ అధ్యాయం చివరి వచనాలు చదివించండి, అంజూరపు చెట్టు పూయకపోయినా, శాలలో పశువులు లేకపోయినా యెహోవాలో ఆనందిస్తాను అంటాడే అది, ఆ అక్క కూడా ఆమేన్ అనగలిగే వాక్యం.

కానుక సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు, మీ మనసులో నిశ్చయించుకున్నది కవర్లో పెట్టి ఇవ్వండి, ఎంత అని మైక్‌లో చెప్పించొద్దు. డబ్బు లేకపోతే ఆగిపోవద్దు. మన ఊళ్ళలో కోతపండుగకి గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్ళు, కొత్త బియ్యం తెచ్చి పెడతారు, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు, పెరట్లో కాసిన ఒక్క సొరకాయ తెచ్చిన ముసలమ్మది కూడా కృతజ్ఞతార్పణే.

ఇక భోజనాలు. లేవీయకాండం 7లో కృతజ్ఞతాబలి మాంసం ఆ రోజే తినెయ్యాలి, తెల్లారేదాకా ఉంచకూడదు అని ఉంది, అంత మాంసం ఒక్కరోజులో అయిపోవాలంటే పదిమందిని పిలవాల్సిందే కదా. కాబట్టి బిర్యానీ మిగిలితే ఫ్రిజ్‌లో తొయ్యకుండా అప్పటికప్పుడే ప్యాక్ చేసి వాచ్‌మన్ వాళ్ళింటికి, షామియానా విప్పే కుర్రాళ్ళకి ఇచ్చి పంపండి, డబ్బాలు మాత్రం ముందే కొనిపెట్టుకోండి, రాత్రి ఆ టైమ్‌కి షాపులు ఉండవు.