వానలకు ముందు బెల్టు బండి: బిగించనివ్వకండి

పోయిన ఆదివారం మా తమ్ముడి బండి చిట్యాల దాటాక గరగరమంటూ ఆగిపోయింది. విప్పి చూస్తే చెయిన్ బదులు వెనక చక్రాన్ని తిప్పే బెల్టు నిక్షేపంగా ఉంది. గేర్‌బాక్సు షాఫ్టు బేరింగు పోయింది. రెండు వారాల ముందు సర్వీసులో కుర్రాడు "లూజుగా ఉందన్నా" అని రెండు చుట్లు బిగించాడట. చెయిన్లకు అలవాటుపడిన చెయ్యి కదా!

బెల్టుకి నూనె అక్కర్లేదు, చప్పుడుండదు, ప్యాంటుకి మసి అంటదు. హార్లీ-డేవిడ్సన్ 1980లోనే స్టర్గిస్ మోడల్‌కి పెట్టింది, ఇప్పుడు ఏథర్ 450 స్కూటర్‌కీ ఉంది. చెయిను అరిగేకొద్దీ సాగుతుంది కాబట్టి మాటిమాటికీ బిగిస్తాం. బెల్టు లోపల ఉండేది కార్బన్ లేదా అరమిడ్ అనే గట్టి కృత్రిమ పోగులు, అవి పెద్దగా సాగవు. మరీ బిగిస్తే ఆ లాగుడంతా బేరింగుల మీద పడుతుంది. బెల్టు ఖర్చు తప్పించుకోబోయి ఇంజను విప్పించుకోవాల్సి వస్తుంది.

రాత్రంతా నిలబెట్టిన బండికి పొద్దున్నే టెన్షన్, అంటే బెల్టు బిగుతు, చూడండి. నడిచి వేడెక్కితే బెల్టు దానంతటదే బిగుసుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు కాస్త వదులుగా ఉండేది అందుకే. ఆ వదులు చూసి బిగించకండి. హార్లీ మాన్యువల్‌లో అయితే 10 పౌండ్ల బలంతో, అంటే సుమారు 4.5 కిలోలతో నొక్కి, ఎంత కదిలిందో కొలవమంటారు. మీ బండి లెక్క మీ మాన్యువల్‌లో ఉంటుంది. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలిచి, అన్నిటికన్నా బిగుతుగా ఉన్న చోటునే లెక్కలోకి తీసుకోండి. మరీ వదులైనా బెల్టు పళ్ళు జారతాయి, నిజమే. కానీ నేను చూసిన పాడైన బండ్లన్నీ బిగించినవే.

రోడ్డు పనులు జరిగే చోట కంకర మీద మెల్లగా వెళ్ళండి. పుల్లీకి (బెల్టు తిరిగే పళ్ళ చక్రానికి), బెల్టుకి మధ్య రాయి పడితే బెల్టుకి బెజ్జం పడుతుంది. ఇంటికి రాగానే టార్చి వేసి పళ్ళు, అంచులు చూడండి. బెజ్జమో, అంచున చీలికో కనిపిస్తే మార్చేయండి. చెయిన్‌లా లింకు వేసి అతికించేది కాదు. కొన్ని బండ్లకు వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ కూడా విప్పాలి, ఆ ఖర్చు ముందే అడగండి.

చెయిన్ స్ప్రే కొట్టకండి.
ఇంజను ఆయిల్ పడితే వెంటనే సబ్బునీళ్ళతో కడగండి.
కిచకిచమంటే ముందు బురద కడగండి, చక్రం వంకర పోయిందేమో చూడండి. బిగించకండి.
స్పేరు బెల్టు మడతపెట్టి డిక్కీలో కుక్కకండి. మడతలో పోగులు తెగితే పైకి కనపడదు, బండికి వేసిన నాలుగు రోజులకి రోడ్డు మీద తెగుతుంది.
కుర్రాడు స్పానర్ తీస్తే ముందు బిగుతు కొలిచే టెన్షన్ గేజ్ తెమ్మనండి. గేజ్ లేదంటే బండి తీసుకుని బయటికొచ్చేయండి.