రూట్ కెనాల్‌కి ముందు: ఒక్క ఎక్స్‌రేతో సరిపెట్టుకోకండి

కింది దవడలో మొదటి పెద్ద పన్నుకు, అంటే మనం 36, 46 అని రాసుకునేవాటికి, రెండే వేర్లని చదువుకున్నాం. ఎక్స్‌రే ఫిల్మ్‌లో కనిపించేవీ రెండే. చిక్కంతా అక్కడే. కొందరికి వెనక వేరు పక్కన నాలుక వైపు ఇంకో చిన్న వేరు ఉంటుంది. పేరు రాడిక్స్ ఎంటోమొలారిస్. తూర్పు ఆసియా వాళ్లలో ఎక్కువ, మన దగ్గర తక్కువ. తక్కువ కాబట్టే మర్చిపోతాం.

హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒకావిడకి 46లో మూడు కెనాల్స్ (వేర్ల లోపలి సన్నటి గొట్టాలు) నింపి, పని అయిపోయిందనుకున్నాను. నెల తిరక్కుండానే "నమిలితే జివ్వుమంటోంది డాక్టర్" అంటూ వచ్చింది. పాత ఫిల్మ్ మళ్లీ చూస్తే వెనక వేరు అంచు రెండు గీతలుగా ఉంది. పేషెంట్ కదిలి ఉంటుందిలే అని అప్పుడు వదిలేశాను. కదిలితే పక్క పళ్లు కూడా మసకబారాలి కదా! అవి గీత గీసినట్టు ఉన్నాయి. అంటే ఆ రెండో గీత ఇంకో వేరుది.

అందుకే బర్ (పన్ను తొలిచే డ్రిల్లు ములుకు) పట్టుకోకముందే రెండో ఫిల్మ్ తీయండి. ఎక్స్‌రే ట్యూబ్‌ని ముందుకో వెనక్కో 20 నుంచి 30 డిగ్రీలు జరపండి. నాలుక వైపు వేరు ట్యూబ్ జరిగిన వైపే జరుగుతుంది, బుగ్గ వైపుది ఎదురు దిశలో. క్లార్క్ 1910లో చెప్పిన ఈ సూత్రం డిజిటల్ సెన్సర్‌కీ వర్తిస్తుంది. "రెండోది ఎందుకు, బిల్లు పెంచడానికా?" అని పేషెంట్‌కి అనుమానం రావచ్చు, కారణం ముందే చెప్పేయండి.

పన్ను తెరిచాక ఫైలు (కెనాల్‌లోకి దింపే సూది లాంటి పరికరం) ఎక్స్‌రేలో వేరు మధ్యలో కాకుండా ఓ పక్కకి కనిపిస్తే ఇంకో దారి ఉందేమో వెతకాలి. పన్ను లోపలి గది అడుగున నల్లటి గీత పట్టుకుని నాలుక వైపు వెనక మూలకి వెళ్లండి. అవసరమైతే తెరిచిన చోటుని అటు కాస్త పెంచండి. ఈ వేరు తరచూ బుగ్గ వైపు వంగి ఉంటుంది, కాబట్టి 10 నంబర్ సన్న ఫైలు కొస వంచి దింపాలి, బలవంతం పనికిరాదు. పన్ను పీకేటప్పుడు ఈ వేరు విరిగి లోపల ఉండిపోవచ్చు కూడా.

మిగతావి క్లుప్తంగా. ప్రీమోలార్‌లో (కోర పన్నుకీ పెద్ద పళ్లకీ మధ్య పన్ను) స్పష్టంగా దిగుతున్న కెనాల్ ఫిల్మ్‌లో సగంలో మాయమైతే అక్కడ చీలిందనుకోండి. కింది రెండో మోలార్ (పెద్ద పన్ను) వేర్లు కలిసిపోయి శంకువులా ఉంటే సి ఆకారపు కెనాల్ ఉండొచ్చు. రెండు ఫిల్మ్‌లు చూశాకా అనుమానం తీరకపోతే సీబీసీటీ (పళ్లని మూడు కోణాల్లో చూపించే 3డి స్కాన్) రాయండి. అందరికీ మొదటి రోజే రాస్తే రేడియేషన్, ఖర్చు రెండూ దండగ.