సైన్యంలో పీటీ ఉస్తాద్ కావాలంటే ఏం చేయాలి?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తెల్లవారకముందే రోడ్డెక్కి పరుగు తీసే కుర్రాళ్లు లేని ఊరు అరుదు. వాళ్లలో చాలామంది లక్ష్యం జవాను కావడమే. కొందరు మాత్రం ఇంకో మెట్టు పైకి చూస్తారు. జవాన్లకు కసరత్తు నేర్పే పీటీ ఇన్‌స్ట్రక్టర్ కావాలని, నలుగురితో ‘ఉస్తాద్’ అనిపించుకోవాలని ఆశపడతారు. ఈ వ్యాసం వాళ్ల కోసం.

ముందు ఒక అపోహ తొలగించుకోవాలి. వ్యాయామ విద్యలో డిగ్రీ అయిన బీపీఈడీ చదివితే బడిలో డ్రిల్ మాస్టారు కావచ్చు. ఆర్మీలో మామూలు దారి అది కాదు. మొదట సైనికుడిగా చేరాలి, శిక్షణ ముగించి యూనిట్‌కు వెళ్లాలి. అక్కడ కసరత్తులోనూ, తోటివారికి నేర్పడంలోనూ ముందున్నవారిని పుణెలోని ఆర్మీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజికల్ ట్రైనింగ్‌కు కోర్సుకు పంపుతారు. ఆర్మీ ఫిజికల్ ట్రైనింగ్ కోర్ అనే ప్రత్యేక విభాగం కేంద్రం కూడా పుణెలోనే ఉంది. అంటే సైనిక నియామక ర్యాలీ మైదానంలో ఎవరూ మీకు ఉస్తాద్ పదవి ఇవ్వరు. కానీ ఆ పనికి కావలసిన గుణాలను ఈ రోజు నుంచే, మీ ఊళ్లోనే పెంచుకోవచ్చు.

మొదటి మెట్టు: గేటు దాటడం

మన రెండు జిల్లాల అభ్యర్థులు విశాఖపట్నం ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు పరిధిలోకి వస్తారు. అగ్నివీర్ జనరల్ డ్యూటీకి పదో తరగతిలో మొత్తం మీద 45 శాతం, ప్రతి సబ్జెక్టులో కనీసం 33 శాతం మార్కులు ఉండాలి. ఎత్తు 166 సెంటీమీటర్లు, ఛాతీ 77 సెంటీమీటర్లు, గాలి పీల్చినప్పుడు మరో 5 సెంటీమీటర్లు పెరగాలి. వయసు పరిమితి కోసం ఆ ఏడాది నోటిఫికేషన్‌ను స్వయంగా చదవండి, ఎవరో చెప్పిన మాట మీద ఆధారపడవద్దు. 2023 నుంచి ముందు ఆన్‌లైన్ రాత పరీక్ష, ఆ తర్వాతే ర్యాలీ. కాబట్టి పుస్తకం పక్కన పడేసి పరుగు మాత్రమే నమ్ముకున్నవాడు మైదానం దాకా వెళ్లనే లేడు. ఎంపిక చేయిస్తామని డబ్బు అడిగే దళారులను గుమ్మం తొక్కనివ్వకండి. కష్టపడి పెంచిన పిల్లాడి కోసం తల్లిదండ్రులు పొలం తాకట్టు పెట్టి అలాంటివారి చేతుల్లో పోయడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

పరుగును లెక్కతో చేయండి

ర్యాలీలో 1.6 కిలోమీటర్లను 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగిస్తే పూర్తి 60 మార్కులు. 400 మీటర్ల ట్రాక్ మీద ఇది నాలుగు రౌండ్లు, అంటే రౌండుకు 82 సెకన్ల పైచిలుకు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పక్కవాడిని చూసి మొదటి రౌండును 70 సెకన్లలో లాగేస్తారు. రెండో రౌండు ఎలాగో గడుస్తుంది. మూడో రౌండుకు భుజాలు చెవుల దాకా లేస్తాయి, పిడికిళ్లు బిగుసుకుంటాయి, అడుగు కురచబడుతుంది. వెనకున్నవాళ్లు ఒక్కొక్కరే దాటిపోతారు. దీనికి మందు ఒకటే. వారంలో ఒక రోజు 400 మీటర్లను సరిగ్గా 80 సెకన్లలో పరుగెత్తి, రెండు నిమిషాలు నడిచి, మళ్లీ అదే వేగంతో పరుగెత్తండి. ఆరుసార్లు చేసినా ఆరో రౌండు మొదటిదానిలాగే ఉండాలి. మరో రోజు మాట్లాడుతూ సాగగలిగే నెమ్మది పరుగు 6, 7 కిలోమీటర్లు. కళింగపట్నం, బారువ వైపు ఉన్నవాళ్లకు ఇసుక తీరం వరం. పాదాలకు, పిక్కలకు బలం ఇస్తుంది. అయితే మెత్తటి ఇసుకలో రోజూ పరుగెత్తితే మడమ పైనున్న నరంలో నొప్పి పుడుతుంది, వారానికి ఒకసారి చాలు.

బీమ్ (లావాటి అడ్డ కడ్డీ) మీద పది పుల్లప్‌లకు 40 మార్కులు. చేతులు పూర్తిగా చాచి వేలాడాలి, గడ్డం బీమ్ దాటాలి, కాళ్లు ఊపకూడదు. జిమ్‌లోని సన్నని బార్‌కు అలవాటుపడిన వేళ్లు లావుపాటి దాని మీద జారతాయి కనుక ఊళ్లో దొరికే గట్టి, లావైన కొమ్మ మీదే సాధన చేయడం మంచిది. తొమ్మిది అడుగుల గుంత దూకడం, వంకరగా సాగే సన్నని దిమ్మె మీద పడిపోకుండా నడిచే జిగ్‌జాగ్ బ్యాలెన్స్‌లలో అర్హత సాధిస్తే సరిపోతుంది.

తిండి విషయంలో డబ్బాల పొడుల వెంట పడనక్కరలేదు. చోడి (రాగి) అంబలి, ఉలవలు, వేరుశనగలు, గుడ్లు, చేపలు మన ఇళ్లలో ఉన్నవే. సత్తువ కోసం ఇంజెక్షన్లు అమ్మేవారిని మాత్రం దగ్గరికి రానివ్వకండి.

నేర్పడం ఇప్పుడే మొదలుపెట్టండి

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే, దాదాపు అందరూ వదిలేసేదీ ఇదే. తాను బాగా పరుగెత్తేవాడు ఒకడు, నలభై మందిని ఒకే తీరున పరుగెత్తించగలిగేవాడు ఇంకొకడు. మీ జట్టులో వెనకబడే ఇద్దరు ముగ్గురిని తీసుకుని మీరే శిక్షణ ఇవ్వండి. కసరత్తును ముందు పూర్తిగా చేసి చూపండి. తర్వాత అంకెలు లెక్కిస్తూ విడదీసి చూపండి. వాళ్లతో చేయించి, ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి ఒకేసారి ఒక తప్పును మాత్రమే సరిదిద్దండి. ఒకే ఊపులో నాలుగు తప్పులు ఎత్తిచూపితే నేర్చుకునేవాడు బెదిరిపోతాడు.

గొంతు కూడా కసరత్తే. సైన్యంలో ఆదేశాలన్నీ హిందీలో ఉంటాయి. ‘దౌడ్ కే’ అన్నది సాగదీసి, క్షణం ఆగి, ‘చల్’ అని తెంపినట్లు పలకాలి. ఆ ఆగిన క్షణంలోనే జట్టంతా సిద్ధమవుతుంది. గొంతు చించుకోకుండా పొట్ట నుంచి ధ్వని తీయడం నెలల సాధనతో వస్తుంది. మాట్లాడే హిందీ కూడా ఇప్పుడే మొదలుపెట్టాలి. మన కుర్రాళ్లు దేహబలంలో ఎవరికీ తీసిపోరు. భాష దగ్గర జంకి వెనక వరుసలో నిలబడిపోతారు, అదే బాధ. ఊళ్లో రిటైరైన జవాన్లు ఉంటే పట్టుకోండి. ‘మామయ్యా, పొద్దున్నే మాతో మైదానానికి రండి’ అని అడిగితే కాదనేవారు తక్కువ. కళాశాలలో ఎన్‌సీసీ ఉంటే చేరండి. ‘సి’ సర్టిఫికెట్‌కు ఎంపికలో అదనపు మార్కులు ఉంటాయి, జట్టు ముందు నిలబడి ఆదేశాలిచ్చే అలవాటూ అక్కడే వస్తుంది.

ఈ పనికి మన ప్రాంతంలో పాత పరంపర ఉంది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి సర్కస్‌తో దేశమంతా పేరు పొందకముందు, మద్రాసు సైదాపేటలో వ్యాయామ విద్యలో శిక్షణ పొంది వచ్చి విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు.

యూనిట్‌లో చేరాక

అగ్నివీర్ ఉద్యోగం నాలుగేళ్లు. వారిలో గరిష్ఠంగా 25 శాతం మందినే రెగ్యులర్‌గా కొనసాగిస్తారు. అందుకే మొదటి రోజు నుంచే ప్రతి పరీక్షలో పై శ్రేణి కోసం ప్రయత్నించాలి. యూనిట్‌లో జరిగే శారీరక సామర్థ్య పరీక్షల్లో పరుగుతో పాటు తాడు ఎక్కడం కూడా ఉంటుంది. మన ఊళ్లో తాడు ఎక్కే అలవాటు తక్కువ. రెండు పాదాల మధ్య తాడును బిగించి నిలబడటం ముందే నేర్చుకున్నవాడికి చేతుల బలం సగం మిగులుతుంది. ఉదయం పీటీలో జట్టును నడిపే అవకాశం వస్తే వెనకాడవద్దు. పుణె కోర్సుకు వెళ్లాలన్న కోరికను మీ సీనియర్లకు, మీ ప్లటూన్ (చిన్న దళం) బాధ్యత చూసే జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్, అంటే జేసీఓ సాబ్‌కు ముందుగానే చెప్పి ఉంచండి. కోర్సులో మీ దేహాన్నే కాదు, పాఠం చెప్పే తీరునూ తూకం వేస్తారు. యూనిట్‌లో ఇప్పటికే ఆ కోర్సు చేసి వచ్చిన ఉస్తాద్ ఉంటే, ఆయన క్లాసులో జట్టుకు ఏ వైపు నిలబడుతున్నారో, గాయపడినవాడిని ఎలా పక్కకు తీస్తున్నారో గమనించి, సాయంత్రం కాగితం మీద రాసుకోండి.