ఇనుము-అల్యూమినియం ఆక్సైడ్‌లు, 4వ భాగం: అల్యూమినా పక్కన ఉంటే ఇనుము తీరు

గత భాగంలో ఎలింగ్‌హామ్ పటంలో (ఏ ఉష్ణోగ్రత దగ్గర ఏ ఆక్సైడ్ ఎంత స్థిరమో చూపే పటం) గీతలు చదవడం నేర్చుకున్నాం. వాటితో ఈసారి ఒక లెక్క చేద్దాం. కాగితం, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. చదివి వదిలేస్తే ఈ పాఠం చేతికి రాదు.

"1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఏ ఆక్సైడ్ నిలుస్తుంది?" అని చాలామంది అడుగుతారు. అది సగం ప్రశ్నే. చుట్టూ ఆక్సిజన్ పీడనం ఎంతో చెప్పకపోతే దానికి జవాబు లేదు.

ముందు శుద్ధమైన ఇనుము సంగతి. 1000 డిగ్రీలంటే 1273 కెల్విన్. ఇనుము వూస్టైట్‌గా (FeO, ఒక ఇనుప ఆక్సైడ్) మారినప్పుడు ఒక మోల్ ఆక్సిజన్‌కి స్వేచ్ఛాశక్తి (చర్య తనంతట తాను సాగుతుందా అని చెప్పే శక్తి) మార్పు సుమారు −364 కిలోజౌళ్లు. వాయు స్థిరాంకాన్ని ఉష్ణోగ్రతతో గుణిస్తే 10.58 కిలోజౌళ్లు. −364ని దానితో భాగిస్తే −34.4. దాన్ని పది ఘాతంలోకి మార్చడానికి మళ్లీ 2.303తో భాగిస్తే −14.9. అంటే ఆక్సిజన్ పీడనం 10⁻¹⁴·⁹ అట్మాస్ఫియర్లు దాటితేనే ఇనుము ఆక్సీకరణ చెందుతుంది. ఇదే లెక్క అల్యూమినియానికి చేస్తే హద్దు 10⁻³⁵ దగ్గరికి పోతుంది. ఈ రెండు హద్దుల మధ్య ఇరవై దశాంశ స్థానాల ఖాళీ ఉంది. ఆ మేరలో ఇనుము లోహంగానే ఉంటుంది, అల్యూమినియం మాత్రం అల్యూమినాగా (అల్యూమినియం ఆక్సైడ్‌గా) మారిపోతుంది.

ఇప్పుడు ఇనుముని అల్యూమినాకి ఆనించి వేడి చేశాం అనుకోండి. పుట్టే ఇనుప ఆక్సైడ్ విడిగా ఉండదు. అల్యూమినాతో కలిసి హెర్సినైట్ (FeAl₂O₄) అనే స్పినెల్ (ఒక రకం మిశ్రమ ఆక్సైడ్ స్ఫటికం) అవుతుంది. ఆ కలయికలో కొంత శక్తి విడుదలవుతుంది కాబట్టి వూస్టైట్ క్రియాశీలత (శుద్ధ పదార్థాన్ని 1గా తీసుకుని, అది చర్యలో ఎంత చురుగ్గా ఉందో చెప్పే సంఖ్య) 1 కంటే బాగా తగ్గుతుంది. లెక్క సులువు కోసం 0.1 అనుకుందాం. ఒక మోల్ ఆక్సిజన్ రెండు మోల్‌ల వూస్టైట్‌ని ఇస్తుంది కాబట్టి హద్దు పీడనాన్ని 0.1 వర్గంతో గుణించాలి. ఆ వర్గాన్ని మర్చిపోకండి, ఈ లెక్కలో కీలకం అదే. హద్దు వంద రెట్లు తగ్గి 10⁻¹⁶·⁹కి దిగుతుంది.

మరి పీడనం 10⁻¹⁶ దగ్గర ఉంటే? ఒంటరి ఇనుప ముక్క మెరుస్తూనే ఉంటుంది. అదే కొలిమిలో అల్యూమినా మూసలో ఉన్న ఇనుము మాత్రం, రెండూ తగిలే చోట, హెర్సినైట్ పొర కడుతుంది. మూస ఏ పాత్రా లేని గిన్నె అనుకోవడం పొరపాటు, అది కూడా చర్యలో పాల్గొంటుంది. ఈ ఒక్క విషయం అర్థమైతే ప్రయోగశాలలో ఎన్నో చిక్కులు వాటంతట అవే విడిపోతాయి.

ఇంత తక్కువ పీడనాన్ని పంపుతో గాలి లాగేసి తెచ్చి నిలపెట్టలేం. కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్ మిశ్రమం వాడతారు. 1000 డిగ్రీల దగ్గర దాదాపు 9 పాళ్ల మోనాక్సైడ్‌కి 1 పాలు డయాక్సైడ్ కలిపితే ఆక్సిజన్ పీడనం 10⁻¹⁶ వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ విష వాయువు కాబట్టి డిటెక్టర్, సరైన వెంటిలేషన్ లేకుండా దీని జోలికి పోవద్దు.

గాలిలో కథ వేరు. అక్కడ 1000 డిగ్రీల దగ్గర హెర్సినైట్ నిలవదు. అందులోని రెండు ఆవేశాల ఇనుము మూడు ఆవేశాలకి ఎక్కి హెమటైట్ (Fe₂O₃) అవుతుంది, అల్యూమినా విడిపోతుంది. హెమటైట్, అల్యూమినా ఒకే స్ఫటిక నిర్మాణంలో ఉన్నా ఒకదానిలో ఒకటి పూర్తిగా కరగవు, ఇనుప అయాన్ పెద్దది కదా. 1300 డిగ్రీలు దాటాక ఒక ఇరుకైన మేరలో మాత్రం రెండూ సమపాళ్లలో కలిసిన మరో సమ్మేళనం స్థిరంగా ఉంటుంది. దాని సంగతి 5వ భాగంలో.

అభ్యాసం: క్రియాశీలత 0.1 బదులు 0.2 అనుకుని హద్దు మళ్లీ కట్టండి. 10⁻¹⁶·³ రావాలి. 10⁻¹⁶ దగ్గర జవాబు మారిందా లేదా అన్నది కారణంతో సహా రెండు వాక్యాల్లో రాయండి.