వేరుశనగ పువ్వును ఫోన్‌తో ముందు నుంచి వెనక దాకా స్పష్టంగా తీయడం: ఫోకస్ స్టాకింగ్ పద్ధతి

వేరుశనగ పువ్వుకు బాగా దగ్గరగా ఫోన్ పెట్టి ఫొటో తీస్తే, ముందున్న రేకుల అంచు స్పష్టంగా వస్తుంది గాని, వెనక నిటారుగా నిలిచిన పెద్ద రేకు మీది ఎర్రటి ఈనెలు మసకబారిపోతాయి. ఆ ఈనెల మీద ఫోకస్ చేస్తే ముందుభాగం మసకవుతుంది. వస్తువుకు దగ్గరయ్యే కొద్దీ స్పష్టంగా కనిపించే లోతు తగ్గిపోవడమే దీనికి కారణం. పెద్ద కెమెరాలో అపర్చర్‌ను, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, చిన్నది చేసి ఆ లోతును కొంత పెంచుకోవచ్చు, కానీ చాలా ఫోన్లలో ఆ వీలు లేదు. కాబట్టి ఫోన్‌ను కదపకుండా ఫోకస్‌ను మాత్రమే కొద్దికొద్దిగా వెనక్కి జరుపుతూ వరుసగా ఫొటోలు తీసి, ఒక్కో దానిలోని స్పష్టమైన భాగాన్ని ఏరి ఒకే చిత్రంగా కలపాలి. దీనినే ఫోకస్ స్టాకింగ్ అంటారు.

ఈ పనికి అనంతపురం ప్రాంతంలో మొదటి అడ్డంకి గాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. పైగా జూన్, జూలై నెలల్లో విత్తిన చేను విత్తిన నెల రోజులకు అటూఇటుగా, అంటే నైరుతి గాలులు బలంగా వీచే రోజుల్లోనే పూతకు వస్తుంది. పువ్వు కాడలా కనిపించే సన్నని గొట్టం చివర నిలుస్తుంది కనుక చిన్న గాలికే ఊగుతుంది. చేలో నిలబడి స్టాకింగ్ చేయబోవడం దాదాపు వృథా ప్రయాస అని నా అభిప్రాయం. పువ్వులు తెల్లవారుజామున విచ్చుకుని అదే రోజు వాడిపోతాయి కాబట్టి, పొద్దున్నే పువ్వున్న కొమ్మను ఆకులతో సహా కోసి, నీళ్లున్న చిన్న సీసాలో నిలిపి ఇంటికి తెచ్చుకోవడం మేలు. పువ్వును విడిగా తుంచకూడదు, తుంచితే రేకులు త్వరగా ముడుచుకుంటాయి.

ఇంట్లో బల్ల కంటే నాపబండలు పరిచిన నేల మంచిది. నడిచినా, చెయ్యి తగిలినా బల్ల కదిలినట్టుగా అది కదలదు. ఫ్యాన్ ఆపి, కిటికీ తలుపులు వేసి, ఫోన్‌ను ట్రైపాడ్‌కు గాని, లెన్సుకు అడ్డం రాకుండా రెండు ఇటుకల మధ్య గాని గట్టిగా నిలపాలి. నేపథ్యానికి మెరుగు పెట్టని నల్లని కడప రాయి ముక్కను పువ్వు వెనక కొంత దూరంలో నిలబెడితే పసుపు రంగు చక్కగా తేలి కనిపిస్తుంది. మెరుగు పెట్టిన రాయి వెలుతురును తిరిగి కొడుతుంది కాబట్టి అది వద్దు.

లెన్సు విషయంలో తొందరపడి డబ్బు ఖర్చు చేయనక్కర్లేదు. చౌక ఫోన్లలో 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా ఉంటే దానిని పక్కన పెట్టండి. సాధారణంగా దాని ఫోకస్ మారదు. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రో వంటివి అల్ట్రావైడ్ లెన్సుతో 2 సెంటీమీటర్ల దూరం నుంచి తీయగలవు గాని, అంత దగ్గరలో ఫోన్ నీడే పువ్వు మీద పడుతుంది. ప్రధాన కెమెరాకు క్లిప్‌తో పైన బిగించే 10 డయాప్టర్ల (డయాప్టర్ అంటే లెన్సు బలానికి కొలత) క్లిప్ లెన్సు తగిలిస్తే సుమారు 10 సెంటీమీటర్ల దూరం నుంచి పని చేయవచ్చు, వెలుతురుకు చోటు మిగులుతుంది. ఇంకా బలమైన లెన్సులతో జాగ్రత్త అవసరం. 25 మిల్లీమీటర్ల ఫోకల్ దూరం గల క్లిప్ లెన్సు వాడితే, 10 సెంటీమీటర్ల దగ్గరి దాకా ఫోకస్ చేయగల ఫోన్‌లో ఫోకస్ స్లైడర్‌ను ఒక కొస నుంచి మరో కొసకు జరిపినా ఫోకస్ జరిగేది దాదాపు 5 మిల్లీమీటర్లే. పువ్వు లోతుకు అది చాలదు.

వెలుతురు ఒక పక్క నుంచి, బటర్ పేపర్ గుండా మెత్తగా రావాలి. ఎదుటి పక్క తెల్ల కాగితం నిలిపితే నీడలు తేలికవుతాయి. ఎల్ఈడీ దీపం వాడేటప్పుడు షట్టర్‌ను, అంటే ఒక్కో ఫొటోకు వెలుతురు లోపలికి వచ్చే సమయాన్ని, సెకనులో వందో వంతు లేదా యాభయ్యో వంతు పెట్టాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కావడం వల్ల చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్ దానితో కుదరకపోతే ఫొటోల మధ్య వెలుగు మారుతుంది, చారలు కూడా పడవచ్చు.

అన్నీ మనమే సర్దుకోగల ప్రో మోడ్‌లో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి), షట్టర్, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) మూడింటినీ స్థిరంగా ఉంచి, వెలుగునీడలను తానే సర్దే హెచ్‌డీఆర్‌ను, కెమెరా తనంతట తాను లెన్సు మార్చే ఏర్పాటును ఆపాలి. ఫోకస్‌ను మన దగ్గరి రేకు అంచుకు కాస్త ముందే మొదలుపెట్టి, వెనకటి రేకు దాటేదాకా జరపాలి. ఒక ఫొటోలోని స్పష్టమైన భాగం తర్వాతి దానితో కనీసం మూడో వంతు కలవాలి. అలా కలవకపోతే చివరి చిత్రంలో మసక పట్టీలు మిగులుతాయి, వాటిని తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ పూడ్చలేదు. అనుమానంగా ఉంటే ఎక్కువ ఫొటోలు తీయడమే నయం. తెర మీద వేలు పడితే ఫోన్ కదులుతుంది కాబట్టి 2 సెకన్ల టైమర్ గాని, బ్లూటూత్ రిమోట్ గాని వాడాలి. ఆండ్రాయిడ్‌లో ఉచితంగా దొరికే ఓపెన్ కెమెరా యాప్‌లో, ఫోన్ సహకరిస్తే, ఫోకస్‌ను తానే జరుపుతూ వరుసగా ఫొటోలు తీసే ఫోకస్ బ్రాకెటింగ్ ఉంటుంది. మొదటి, చివరి దూరాలు, ఫొటోల సంఖ్య ఇస్తే మిగతాది అదే చేస్తుంది. ఐఫోన్ సొంత కెమెరా యాప్‌లో చేతి ఫోకస్ స్లైడర్ లేదు కనుక హాలైడ్ వంటి యాప్ అవసరమవుతుంది.

ఫొటోలను కలిపే సాఫ్ట్‌వేర్లలో హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ డబ్బు చెల్లించి కొనేవి. ఫొటోషాప్ ఉన్నవారు ఫొటోలన్నింటినీ లేయర్లుగా తెరిచి, ఆటో అలైన్ (ఫొటోలను ఒకదానిపై ఒకటి సరిగ్గా కుదర్చడం), తర్వాత ఆటో బ్లెండ్‌లో స్టాక్ ఇమేజెస్ వాడవచ్చు. ఉచితంగా కావాలంటే హ్యూగిన్ అనే సాఫ్ట్‌వేర్‌తో వచ్చే అలైన్ సాధనం, ఫొటోలను కలిపే ఎన్‌ఫ్యూజ్ చాలు. ఎన్‌ఫ్యూజ్‌లో కాంట్రాస్ట్ వెయిట్ 1, ఎక్స్‌పోజర్, సాచురేషన్ వెయిట్లు 0 ఇచ్చి, హార్డ్ మాస్క్ పెట్టాలి. అప్పుడు ప్రతి చోటా అత్యంత స్పష్టమైన ఫొటోనే ఎంపికవుతుంది. ఫోకస్ మారినప్పుడు బొమ్మ పరిమాణం కూడా స్వల్పంగా మారుతుంది కనుక అలైన్ చేయకుండా కలపకూడదు. ఆ సర్దుబాటులో అంచులు కొంత కోతపడతాయి, అందుకే తీసేటప్పుడే పువ్వు చుట్టూ ఖాళీ వదలాలి.

కలిపిన చిత్రాన్ని పూర్తి పరిమాణంలో చూసి, ఒక రేకు మరో రేకు మీదుగా వచ్చే చోట్లను ముఖ్యంగా పరిశీలించండి. అక్కడ మసక వలయాలు ఏర్పడడం సహజం. ఆ చోటు స్పష్టంగా ఉన్న అసలు ఫొటో నుంచి ఆ ముక్కను తెచ్చి అద్దితే సరిపోతుంది. అందువల్ల ఈ సవరణ ముగిసేదాకా విడి ఫొటోలను తొలగించవద్దు.

తొలకరి వానలకు ఎర్రమట్టి మీద కనిపించే ఆరుద్ర పురుగులకు ఈ పద్ధతి పనికిరాదు, అవి నిలకడగా ఉండవు. వాటిని పట్టి కట్టడి చేయడం నాకు సమ్మతం కాదు. ఫోన్‌ను నేలకు సమాంతరంగా పట్టుకుని నేరుగా పై నుంచి ఒక్క ఫొటో తీస్తే, వాటి వీపు చాలా వరకు ఒకే తలంలో ఉంటుంది కాబట్టి మఖమల్ లాంటి ఆ నూగు ఆ ఒక్కదానిలోనే బాగా కనిపిస్తుంది.