తెరచాప పడవ నీళ్లలోకి దించే ముందు

పెద్ద తెరచాప తాడును ముడేసి వదిలేయకండి. ఈదురుగాలి తాకినప్పుడు వెంటనే వదలలేకపోతే పడవ బోల్తా పడుతుంది. తాడు చేతిలోనే ఉండాలి.

గాలి వెనక నుంచి వస్తుంటే తలలు వంచుకోండి. బూమ్ (పెద్ద తెరచాప అడుగున ఉండే అడ్డకొయ్య) చెప్పి రాదు.

బయల్దేరగానే చుక్కాని ఒకసారి వదిలి చూడండి. పడవ మెల్లగా గాలివైపు తిరగాలి, చేయి జారినా దానంతటదే నెమ్మదిస్తుంది. గాలికి దూరంగా తిరిగితే ముందువైపు తెరచాప కాస్త వదులు చేయండి.

చుక్కాని మరీ బరువుగా లాగుతోందా? దాంతో కుస్తీ వద్దు, అడ్డంగా తిప్పిన చుక్కాని బ్రేకే. పెద్ద తెరచాప సడలించి, గాలివైపు అంచున కూర్చుని ఒరుగు తగ్గించండి. చాలాసార్లు అసలు దోషి ఈ ఒరుగే.

తెరచాప ముందంచు రెపరెపలాడేదాకా వదిలి, అది ఆగేంతవరకే లాగండి. ఇంకా బిగిస్తే చూడ్డానికి బాగుంటుంది, వేగం మాత్రం పడిపోతుంది.