ముందు నిద్ర, తర్వాతే వాక్యం

మా చర్చి స్త్రీల సమాజం రిట్రీట్ (ఇల్లు వదిలి ప్రార్థనలో, విశ్రాంతిలో గడిపే రోజు) పనులు నా నెత్తిన పడి ఇది నాలుగో ఏడు. మొదటి ఏడాది వేసిన ప్రోగ్రాం కాగితాన్ని ఇప్పటికీ బైబిల్లో దాచుకున్నాను, బుద్ధి రావడానికి. ఒక్క రోజులో తొమ్మిది సెషన్లు! పొద్దున్న ఐదింటికి ప్రార్థన, వర్తమానం (అంటే ప్రసంగం), సాక్ష్యాలు, మళ్ళీ వర్తమానం. మధ్యాహ్నం ప్రసంగం నడుస్తుండగా మా వీధి పిన్ని ఒకావిడ కూర్చున్నచోటే నిద్రపోయింది. పక్కావిడ గిల్లి లేపింది. పిన్ని సిగ్గుతో కొంగు సర్దుకుంటుంటే నాకే తల కొట్టేసినట్టయింది. ఇంట్లో నాలుగింటికే లేచే మనిషిని ఇంత దూరం తీసుకొచ్చింది గిల్లించడానికా?

ఏలీయా ప్రవక్త సంగతి చూడండి. బైబిల్లో మొదటి రాజులు 19వ అధ్యాయం. చావు కోరుకుని బదరీ చెట్టు కింద పడుకున్నాడు. దూత వచ్చి ప్రసంగం చెప్పలేదు. తట్టి లేపి తినమన్నాడు. రొట్టె తిని, నీళ్ళు తాగి ఏలీయా మళ్ళీ పడుకున్నాడు. రెండోసారీ తట్టి లేపి తిండే పెట్టాడు. హోరేబు కొండ, దేవుడి మెల్లని స్వరం అంతా ఆ తర్వాత నలభై రోజులకి. అందుకే నా ప్లానులో ముందు నిద్ర, తర్వాత తిండి, ఆ పైన వాక్యం.

తేదీకి పెద్ద ఆలోచన అక్కర్లేదు. సంక్రాంతి వెళ్ళాక, శ్రమల దినాలు (ఈస్టరు ముందు నలభై రోజులు) రాకముందు పెట్టుకోండి. నూర్పులు అయిపోయుంటాయి, ఎండ ముదరదు. అక్టోబరు మాత్రం వద్దు. 2018లో తిత్లీ తుఫాను మన శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి, జీడి తోటల్ని ఏం చేసిందో అందరికీ గుర్తే. రెండో శనివారమైతే టీచర్లకి సెలవు కలిసొస్తుంది. శుక్రవారం సాయంత్రం వెళ్ళి శనివారం రాత్రికి ఇల్లు చేరితే ఆదివారం ఆరాధన తప్పదు, పాస్టరు అయ్యగారికీ కోపం రాదు.

చోటు విషయంలో మాత్రం ఎవరి మాటా నమ్మకండి. మేం కళింగపట్నం వైపు, వంశధార సముద్రంలో కలిసే దిక్కున, సరుగుడు తోటల పక్కన వెళ్తాం. రెండో ఏడాది ఒకచోట 'అన్నీ ఉన్నాయమ్మా' అన్నారు. ఉన్నవి రెండు బాత్రూములు, మేం 34 మందిమి. తెల్లవారుజామున మూడున్నరకే బకెట్లు పట్టుకుని లైను. ఆపైన కరెంటు పోయింది, మోటారు ఆగింది. ఇప్పుడు నేనే ముందు వెళ్ళి, ప్రతి కుళాయీ తిప్పి, రాత్రి పూట బాత్రూము దాకా లైటు ఉందో లేదో చూసొస్తాను. ఎనిమిది మందికి ఒక బాత్రూము లేకపోతే ఆ చోటు వద్దనేస్తాను. ముందురోజే ట్యాంకు నింపించాలి. నది మొగ దగ్గర నీటి లాగుడు ఎక్కువ, కాబట్టి నీళ్ళలో ఎవరూ దిగకూడదని బస్సులోనే గట్టిగా చెప్పేయాలి.

వంట మనం చేయకూడదు. దీని మీద మా సమాజంలో పెద్ద గొడవే అయింది, 'మనకి చేతులు లేవా' అని. ఉన్నాయి, అందుకే వాటికీ ఒక రోజు సెలవు. ఊళ్ళో వంటావిడకి చెప్పండి. మనిషికి 500 వసూలు చేస్తే మాకు సరిపోయింది. ఇవ్వలేనివాళ్ళ సంగతి కోశాధికారికి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. పొద్దున్న చోడంబలి (రాగి అంబలి), పచ్చి ఉల్లిపాయ, మజ్జిగ మిరపకాయ. స్టీలు గ్లాసులో చల్లటి అంబలి పట్టుకుని, వేలితో అంచు తుడిచి నాక్కుంటూ, ఎవరూ తొందరపెట్టకుండా ఆడవాళ్ళు కూర్చోవడం నేను అక్కడే చూశాను. షుగరు, బీపీ ఉన్నవాళ్ళ పేర్లు ముందే రాసుకోండి. ఉపవాసం ఉంటామని మాత్రలు మానేసేవాళ్ళుంటారు, వాళ్ళని డాక్టరుతో మాట్లాడాకే రమ్మనండి.

ఫోన్లు ఒక గుడ్డ సంచిలో వేసి మూతి కట్టేస్తాం. ఇళ్ళల్లో టెన్షన్ పడకుండా ఒక్క నంబరు మాత్రం అందరికీ ఇచ్చి, ఆ ఫోను నా దగ్గర ఉంచుకుంటాను. క్రితం ఏడు దానికి వచ్చిన కాల్స్ ఆరు. అందులో నాలుగు 'పచ్చడి జాడీ ఎక్కడ పెట్టావు' అనే.

ఇక మౌనం. ఆర్.సి.ఎం. (రోమన్ క్యాథలిక్) వాళ్ళకి ఇది అలవాటే. వాళ్ళ పునీతుడు లయోలా ఇగ్నేషియస్ కూర్చిన ధ్యానక్రమం పూర్తిగా చేస్తే 30 రోజులు. మనం ఇరవై నిమిషాలతో మొదలెడదాం. 23వ కీర్తన చాలు, ఆరే వచనాలు. ఒక్కొక్కరికి ఒక్కో చాప, ఒక్కో చెట్టు. నెమ్మదిగా మూడుసార్లు చదివి, ఏ మాట దగ్గర మనసు ఆగిందో అక్కడే ఉండాలి. ఇద్దర్ని ఒక చెట్టు కింద కూర్చోబెట్టారా, పది నిమిషాల్లో కూరల్లోకి దిగిపోతారు. సాయంత్రం నలభై నిమిషాలకి పెంచండి. వర్తమానం రోజుకి ఒకటే, ముప్పావుగంట మించకూడదని ప్రసంగీకులకి పిలిచినప్పుడే చెప్పాలి. చెప్పడానికి మొహమాటంగా ఉంటే పాస్టరమ్మగారి చేత చెప్పించండి. భోజనం తర్వాత రెండు గంటలు పడక. దాన్ని ప్రోగ్రాం కాగితంలో 'నిద్ర' అనే రాయండి, 'వ్యక్తిగత ధ్యానం' అని రాస్తే ఎవరూ కళ్ళు మూయరు. పిన్ని ఇప్పుడు తలగడ కూడా తెచ్చుకుంటోంది.

బయల్దేరే ముందు వంటావిడ చేత తలా రెండు పులిహోర పొట్లాలు కట్టించండి. రాత్రి ఎనిమిదింటికి ఇంటికి చేరిన మనిషి మళ్ళీ పొయ్యి వెలిగించక్కర్లేదు.